లీజు కారు వాపసు ఇచ్చేటప్పుడు చివరి బిల్లు: నా అనుభవం

అమెరికాలో లీజు కారు తిరిగి ఇచ్చేటప్పుడు పడే బిల్లు, ఇచ్చే రోజున తేలేది కాదు. అంతకు మూడు నాలుగు నెలల ముందే దాదాపు ఖాయమైపోతుంది. అందుకే నేను ఇంకా నాలుగు నెలలు ఉందనగానే ఒప్పందం తీసి ముందేసుకుంటాను. 1976 నాటి కన్స్యూమర్ లీజింగ్ చట్టం ప్రకారం అందులో గళ్ళు గీసిన భాగం ఒకటి ఉంటుంది. నాకు కావలసినవి అక్కడి నాలుగు అంకెలే: డిస్పోజిషన్ ఫీజు (వెనక్కి తీసుకున్న కారుని అమ్మే ఖర్చుకని లీజు కంపెనీ వేసే రుసుము), మైళ్ళ పరిమితి, పరిమితి దాటితే మైలుకి ఎన్ని సెంట్లు, లీజు అయ్యాక కొనుక్కునే ధర.

అందరూ ముందు గీతలు, సొట్టలు చూసుకుంటారు. నేను ముందు చూసేది ఆ నాలుగో అంకె. కొనుక్కునే ధర 18,000 డాలర్లు ఉండి, అదే కారుకి బయట 20,500 ఇస్తామంటున్నారనుకోండి. ఊరికే తిరిగిచ్చేస్తే ఆ 2,500 లీజు కంపెనీకో డీలరుకో పోతుంది. కొనుక్కుంటే అదనపు మైళ్ళ చార్జీ లేదు, అరుగుదల చార్జీ లేదు, మామూలుగా డిస్పోజిషన్ ఫీజు కూడా లేదు. కానీ లెక్క పూర్తిగా వేయాలి. పర్చేజ్ ఆప్షన్ ఫీజు (కొనుక్కున్నందుకు లీజు కంపెనీ తీసుకునే రుసుము), టైటిలు (కారు యాజమాన్య పత్రం) ఖర్చు, చాలా రాష్ట్రాల్లో సేల్స్ టాక్సు కలుపుకుంటే లాభం సగానికి సగం కరిగిపోవచ్చు. టాక్సు తప్పించుకోవడానికి నేరుగా వేరే డీలరుకి అమ్ముదామనుకుంటే, 2021 నుంచి చాలా కార్ల కంపెనీల ఫైనాన్స్ విభాగాలు దానికి అడ్డం పెట్టాయి. కొన్ని ఒప్పుకోవు, కొన్ని బయటి డీలరుకి ఎక్కువ పేఆఫ్ (లీజు తీర్చి కారు సొంతం చేసుకోవడానికి కట్టాల్సిన మొత్తం) చెబుతాయి. అప్పుడు అదే బ్రాండు డీలర్లను ఇద్దరు ముగ్గురిని అడగడం మేలు. ఫోన్ చేసినప్పుడు "నాకు పేఆఫ్ ఎంత, డీలరుకి ఎంత" అని రెండూ విడివిడిగా అడగండి. ఒక్కటే అడిగితే ఒక్కటే చెబుతారు.

లాభం లేదని తేలితే కారు వెనక్కి ఇవ్వడమే. అక్కడి నుంచి మిగతా మూడు అంకెల పని.

మైళ్ళది శుద్ధ లెక్క, బేరానికి లొంగదు. ఏడాదికి 12,000 చొప్పున 36 నెలలకి 36,000. 33 నెలలకే 37,000 తిరిగి ఉంటే, అదే జోరున చివరికి సుమారు 40,360 అవుతుంది. మైలుకి 20 సెంట్లయితే దాదాపు 870 డాలర్లు. ఇంట్లో రెండో కారుంటే చివరి నెలల్లో దాన్ని వాడటం, 2,000 మైళ్ళ ప్రయాణానికి అద్దె కారు తీసుకోవడం లాంటివి ఈ లెక్క చేతిలో ఉంటేనే తోస్తాయి. ముందే తిరిగిచ్చేస్తే మైళ్ళు ఆగుతాయి గానీ మిగిలిన నెలల కిస్తీలు మాత్రం మనవే. తక్కువ తిరిగినందుకు డబ్బు వెనక్కి రావడం అరుదు.

డిస్పోజిషన్ ఫీజు సాధారణంగా 300 నుంచి 500 డాలర్ల మధ్య ఉంటుంది. అదే బ్రాండులో ఇంకో కారు తీసుకుంటే చాలా కంపెనీలు మాఫీ చేస్తాయి. ఆ మాట డీలరు నోటి నుంచి కాకుండా లీజు కంపెనీ నుంచి రాతలో తీసుకోవాలి. ఎందుకంటే బిల్లు పంపేది డీలరు కాదు. "మీ పాత లీజు మేం కట్టేస్తాం" అనే డీలరు కూడా చాలాసార్లు ఆ మొత్తాన్ని కొత్త కిస్తీలోనే కలిపేస్తాడు.

ఇక అరుగుదల. మన చేతిలో ఎక్కువగా ఉన్నది ఇక్కడే. సాధారణంగా లీజు కంపెనీ తరఫున ఇన్‌స్పెక్టరు ఇంటికే వచ్చి ఉచితంగా చూసి వెళ్తాడు. వాపసుకి ఓ నెలా రెండు నెలల ముందు పిలిపిస్తే బాగుచేయించుకోవడానికి వ్యవధి ఉంటుంది. కారు కడిగి, పగటి వెలుతురులో చూపించండి. మురికి కారు మీద మరక కూడా గీతలాగే కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చే అరుగుదల గైడు దగ్గర పెట్టుకోండి. చాలా కంపెనీలది క్రెడిట్ కార్డు కొలత: కార్డు కింద దాగే గీతకో సొట్టకో మామూలుగా చార్జీ ఉండదు, దాటితే పడుతుంది. రంగు చెదరని సొట్టని పెయింటు లేకుండా లోపలి నుంచి తట్టి తీసేవాళ్ళుంటారు, బాడీ షాపు కన్నా చవక. ఫుట్‌పాత్‌కి రాసుకుని చెక్కుకుపోయిన రిమ్ముకి కొత్తది వేయక్కర్లేదు, మరమ్మతు చాలు. విండ్‌షీల్డ్ మీద రాయి దెబ్బని పగులు పాకక ముందే పూరించాలి. ఇన్సూరెన్సులో గ్లాస్ కవరేజి ఉంటే చాలాసార్లు చేతి నుంచి ఏమీ పడదు.

టైర్ల దగ్గర చాలామంది దెబ్బ తింటారు. అనేక రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకునే టైరు గాడి కనీస లోతు అంగుళంలో 2/32. లీజు కంపెనీలు ఎక్కువగా 4/32, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అడుగుతాయి. రోడ్డుకి పనికొచ్చే టైరు వాపసుకి పనికిరాకపోవడం అందుకే. క్వార్టరు (25 సెంట్ల) నాణేన్ని తలకిందులుగా గాడిలో నిలబెట్టండి. నాణెం మీది వాషింగ్టన్ తల పైభాగం గాడిలోకి మునిగితే 4/32 ఉన్నట్టు, తల మొత్తం బయటికి కనిపిస్తే లేనట్టు. నడిమి గాడి ఒక్కటే చూస్తే చాలదు. అలైన్‌మెంట్ (చక్రాల అమరిక) తప్పిన కారుకి చాలాసార్లు లోపలి అంచు ముందు అరుగుతుంది, అది చక్రం తిప్పి వంగి చూస్తే తప్ప కనబడదు. నాలుగు చక్రాల దగ్గరా, లోపలా బయటా చూడాలి. మార్చాల్సి వస్తే సైజు, లోడ్ ఇండెక్సు (మోయగల బరువు), స్పీడ్ రేటింగు (తట్టుకునే వేగం) పాతవాటితో కలవాలి. అవి కలవని చవక టైరు వేస్తే దాన్నీ లెక్కలోకి తీసుకోకుండా మళ్ళీ చార్జీ వేయొచ్చు.

ఇన్‌స్పెక్షన్ రిపోర్టు చేతికొచ్చాక ఒక్కో పద్దుకీ బయట ధర కనుక్కుంటాను. బయట చవకైతే చేయించి రసీదు దాచుకుంటాను, వాళ్ళ ధరే తక్కువైతే వదిలేస్తాను. పరిమితి లోపలున్న ప్రతి గీతనీ చెరపాలని చూడటం డబ్బు దండగ. రెండో తాళం, డిక్కీ కవరు, హెడ్‌రెస్టులు, ఎలక్ట్రిక్ కారైతే చార్జింగ్ కేబులు, ఇవన్నీ కారుతో పాటు వెళ్ళాలి. చిప్ ఉన్న తాళం కొత్తది చేయించాలంటే వందల డాలర్లు.

వాపసు రోజున ముందే అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్ళండి. రాత్రిపూట తాళాలు డబ్బాలో వేసి రావడం ఎప్పుడూ మంచిది కాదు. ఓడోమీటర్ స్టేట్‌మెంటు మీద మైళ్ళు, తేదీ, సంతకం ఉన్నాయో లేదో చూసి ప్రతి తీసుకోండి. అదే చోట ఓడోమీటరు, నాలుగు పక్కలు, చక్రాలు, సీట్లు ఫోటో తీయండి. బ్లూటూత్‌లోని ఫోన్లు, గరాజ్ రిమోట్ కోడ్ చెరిపి, కారు యాప్ నుంచి పేరు తీయించి, టోల్ ట్యాగ్ పీకండి. రసీదు చేతికొచ్చాకే ఇన్సూరెన్స్ ఆపండి.

కిస్తీల దగ్గర ఒక మెలిక ఉంది. మొదటి కిస్తీ సంతకం రోజే కట్టి ఉంటారు కాబట్టి 36వది లీజు ముగియడానికి నెల ముందే అయిపోతుంది. ఆటోపే ఆగిందని లీజు అయిపోయిందనుకోకూడదు. గడువు దాటి కారు ఉంచుకుంటే కిస్తీలు మళ్ళీ మొదలవుతాయి.

చివరి బిల్లు కొన్ని వారాల తర్వాత వస్తుంది. పద్దులవారీగా పంపమని అడిగి, ముందు రిపోర్టులో లేనిదేదైనా ఉంటే ఫోటోలు, రసీదులు జతచేసి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. కట్టకుండా ఊరుకుంటే కలెక్షన్లకు (బాకీలు వసూలు చేసే ఏజెన్సీకి) వెళ్ళి క్రెడిట్ స్కోరు మీద పడుతుంది. కార్ల మీద ఆస్తి పన్ను వేసే రాష్ట్రాల్లోనైతే ఆ పన్ను లీజు కంపెనీ కట్టి మన మీద వేస్తుంది. దాని బిల్లు కారు ఇచ్చేసిన చాన్నాళ్ళకు కూడా రావచ్చు. ఇల్లు మారితే లీజు కంపెనీకి కొత్త చిరునామా ఇచ్చి ఉంచండి.