మూడో పిట్ట

రాత్రి పదకొండున్నర. ఫ్రిజ్‌లో మూడు పూరేళ్ళున్నాయి. రెండింటితో నాకు పేచీ లేదు. మూడోదే నిద్ర పట్టనివ్వడం లేదు.

దాన్ని నా వేటకుక్క రాగి తెచ్చిచ్చిన తీరు ఎవరు చూసినా మెచ్చుకునేదే. ఈక నలగలేదు. దారిలో ఆగి నమలలేదు. చెయ్యి కిందకి పెట్టేదాకా వదల్లేదు. పది నెలల కూనకి అంతకంటే ఏం కావాలి? "శభాష్" అన్నాను. అన్న మరుక్షణం నుంచీ మొదలైంది ఈ గోల. ఎందుకంటే ఆ పిట్టని రాగి నిలబెట్టలేదు (అంటే వాసన పట్టి, పిట్ట ముందు కదలకుండా నిలబడి నాకు చూపించలేదు), తరిమింది. తరిమిన పిట్టని నేను కొట్టాను.

ఏడుంపావుకి ఇసుక వాగు మలుపులో పిలుపు వినిపించింది. ఇక్కడి అరిజోనా వాళ్ళకి ఈ గాంబెల్ పూరేడు "షి-కా-గో-గో" అన్నట్టు వినిపిస్తుంది. మా అమ్మాయికి మాత్రం "చికాకో, చికాకో" అని. ఇవాళ్టికి అమ్మాయిదే రైటు. గుంపులో పాతిక దాకా ఉంటాయి. రాగి తోబుట్టువు జొన్న, గట్టెక్కి పాలో వెర్డే చెట్టు దగ్గర ఠక్కున నిలిచిపోయింది. తోక కర్రలా, ముందుకాలు ఎత్తి, ముక్కు కొంచెం ఎడమకి. ఒకటి పాయింట్ మీదుంటే (ఇలా నిలబడి పిట్టని చూపిస్తుంటే) వెనకదీ ఉన్నచోటే ఆగాలి, బ్యాకింగ్ అంటే అదే. రాగి ఆగలేదు. జొన్న పక్కనుంచి దూసుకెళ్ళి దాని ముక్కు ముందు దూరింది. నాలుగు పిట్టలు లేచాయి. ఒకటి కుడివైపు ఎత్తుగా పోయింది. తుపాకీ భుజానికి ఎప్పుడొచ్చిందో నాకే తెలీదు.

పిట్ట కింద ఆకాశం కనిపించింది, అంతవరకు నయం. కూనల దగ్గర అది తప్పకూడదు. పిట్ట లేవగానే అవి గాల్లోకి గెంతుతాయి, కాబట్టి తక్కువ ఎత్తులో పోయే పిట్టని వదిలెయ్యాల్సిందే. తప్పింది రెండో నియమం: కుక్క నిలబెట్టిన పిట్టనే కొట్టాలి.

కుక్క లెక్క చాలా సూటిగా ఉంటుంది. నిలబడితే పిట్ట లేచింది, పేలింది, నోట్లోకొచ్చింది అనుకుందా, మళ్ళీ నిలబడుతుంది. దూకితే లేచింది, పేలింది, నోట్లోకొచ్చింది అనుకుందా, మళ్ళీ దూకుతుంది. మధ్యలో మనం "వో" (ఇంగ్లీషులో ఆగమని) అని ఎంత అరిచినా నోట్లో పడ్డ వెచ్చటి పిట్ట ముందు ఆ అరుపు దిగదుడుపే. (మొదట్లో "ఆగు" అనే నేర్పాను. ఇంట్లో పిల్లల్ని రోజుకి నలభైసార్లు "ఆగు" అంటాం, వాళ్ళు ఆగరు. అది చూసి కుక్కలూ ఆగడం మానేశాయి. అందుకే ఆ పరాయి మాట.)

సరే, రాగి పొగరుమోతుదని ఇంటికొచ్చేదాకా తిట్టుకున్నాను. స్నానం చేస్తుంటే గాలి గుర్తొచ్చింది. ట్రక్కు దగ్గర్నుంచి వాగు పొడుగునా గాలి మా వీపుకే తగులుతోంది. పిట్టలు ముందున్నాయి. ముందున్న వాసన ముందుకే పోతుంటే ఏ కుక్క ముక్కుకైనా ఏం అందుతుంది? జొన్న గట్టెక్కి పక్కగాలికి వెళ్ళింది కాబట్టి పట్టుకుంది. రాగి వాగులోంచి సూటిగా వచ్చింది. దాని మటుకు దానికి అక్కడ పిట్టలున్నాయని కళ్ళకి కనపడేదాకా తెలిసే దారి లేదు. ఎడారిలో వాసన అసలే పేదది. మంచు తడి ఉన్న మొదటి రెండు గంటలు, వాన పడ్డ మర్నాడు, ఇవే మంచి సమయాలు. ఎండ ముదిరాక కుక్క నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పే కుక్క వాసన పట్టదు. రెండు కుక్కలకి మూడు గంటలకి నాలుగు లీటర్ల నీళ్ళు మోసేది దాహానికే కాదు, ముక్కు పనిచెయ్యడానికి కూడా. అడిగినప్పుడు కాదు, ఇరవై నిమిషాలకోసారి ఆపి నాలుగు గుక్కలు తాగించాలి. కూనలు వాటంతటవి ఆగవు.

ఇంతలో దువ్వెన.

దువ్వెన సంగతి రాయకుండా పడుకోలేను. వేట చొక్కా ఎడమ జేబులో పళ్ళు ఎడంగా ఉన్న ఉక్కు దువ్వెన ఒకటి ఉంటుంది. ఉండాలి. అది చిక్కు తీసుకోవడానికి కాదని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. చోయా కోసం. చోయా అంటే నాగజెముడు జాతిదే గానీ దాని కంటే దుర్మార్గం. కొమ్మ కణుపు కణుపుగా ఉండి, తగిలీ తగలకముందే ఒక కణుపు ఊడి ఒంటికి అంటుకుంటుంది. ముల్లు మొనకి వెనక్కి తిరిగిన సన్నటి పొలుసులుంటాయి, అందుకే దిగేటప్పుడు సులువు, వచ్చేటప్పుడు మాంసం పట్టుకునొస్తుంది. జొన్న ముందుకాలికి నిమ్మకాయంత ముద్ద అంటుకుంది. జేబులో చెయ్యి పెడితే దువ్వెన లేదు.

కుక్క చేసే మొదటి పని దాన్ని పళ్ళతో లాగడం. అప్పుడు ముళ్ళు కాలి నుంచి పెదాలకి, నాలుకకి, అంగిలికి పోతాయి. అందుకని కట్టె విరిచినట్టు కూలబడి ముందు దవడ పట్టుకోవాలి. రెండో చేత్తో దువ్వెనని చర్మానికీ ముద్దకీ మధ్య జొనిపి, ఒక్క విసురులో దూరంగా ఎగరెయ్యాలి. ఎటు ఎగరేస్తున్నామో చూసుకోవాలి, రెండో కుక్క అటే ఉంటుంది. మిగిలిన ముళ్ళని ఆర్టరీ ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటే, దిగిన వాలులోనే లాగాలి. పక్కకి వంచితే లోపల విరుగుతుంది, రెండు రోజులకి చీము పడుతుంది. ముల్లు చుట్టూ కాగితం లాంటి తొడుగు కూడా ఉంటుంది, అది ఊడి చేతికొస్తే ముల్లొచ్చిందని మోసపోతాం. వేళ్ళ సందులు, చంకలు, నోరు చివర్న ఇంకోసారి చూడాలి.

దువ్వెన లేక రెండు క్రియోసోట్ పొద పుల్లలతో పీకాను. పుల్లలు విరిగాయి. మూడో ప్రయత్నంలో ముద్ద ఊడి నా మణికట్టుకి అంటుకుంది. మొత్తం పద్నాలుగు నిమిషాలు పట్టింది, చెదిరిన పిట్టలు మెల్లగా ఒకదాన్నొకటి పిలుచుకుంటున్నాయి, నేను దవడ పట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చి వెతికితే దువ్వెన బొమ్మ జుట్టులో ఉంది. "దాని జుట్టు చిక్కుపడింది నాన్నా." వాళ్ళమ్మ వంటింట్లోంచి, "ఒక దువ్వెనకి అంత రాద్ధాంతమేంటండీ" అంది. ఒక దువ్వెన! పాత సైకిల్ ట్యూబు కోసి కుక్కలకి బూట్లు చేస్తే నవ్వినావిడే కదా. ఆ బూట్ల వల్లే మిగిలిన ఏడు పాదాలూ బాగున్నాయి. జొన్నది ఎడమ ముందు బూటు టేపు వదులై జారిపోయింది, చోయా తిన్నగా అదే కాలు వెతుక్కుంది. (టేపు బిగిస్తే పాదం వాస్తుంది, వదిలితే జారుతుంది. కాలికీ టేపుకీ మధ్య మన చిటికెన వేలు దూరాలి, మూడు గంటలకి విప్పెయ్యాలి.)

మళ్ళీ మూడో పిట్ట దగ్గరికి. ఇది నన్నింత తొలవడానికి కారణం పెద్దోడు, మా పాత కుక్క. ఇప్పుడు హీటర్ పక్కన గురక పెడుతున్నాడే, వాడి మొదటి సీజన్. ఆ ఏడాది సంచిలోకి వచ్చిన వాటిలో సగానికి పైగా వాడు తరిమినవే. పిట్ట లేస్తే చాలు, కొట్టేవాళ్ళం. వాడు సంతోషంగా తెచ్చేవాడు. జనవరికల్లా పాయింట్ అనేది రెండు క్షణాల లాంఛనమైపోయింది. నిలబడ్డట్టు నిలబడి దూకేవాడు. పిట్టలు తుపాకీ దూరం దాటి లేవడం మొదలైంది. సీజన్ చివర్లో ఎటూ అవి ముదిరిపోయి ముప్పై, నలభై గజాల్లో లేస్తాయి. దానికి వీడి దూకుడు తోడైతే 20 గేజ్ తుపాకీ, 7½ నంబరు సన్న గుండ్లతో చేసేదేముంది?

ఆ అలవాటు మాన్పించడానికి వేసవంతా పట్టింది. పావురాలు, రిమోట్ నొక్కితే తెరుచుకునే లాంచర్ పెట్టె. పావురాన్ని అందులో పెట్టి గడ్డిలో దాచాలి. కుక్కకి పాతికడుగుల తాడు కట్టి పక్కగాలికి తీసుకురావాలి. వాసన తగలగానే దానంతటది ఆగాలి, మనం ఆపకూడదు. ఆగాక ఒక్క అడుగు ముందుకేసిందా, బటన్. పావురం లేచి ఇంటికి పోతుంది. తుపాకీ మోగదు, తిట్టుండదు, శభాష్ ఉండదు. ఆశపడితే పోతుందని కుక్కకి పావురమే చెప్పాలి. పెట్టెకి మరీ దగ్గరగా రానివ్వకూడదు. ఐదారడుగుల్లో స్ప్రింగు టప్పుమంటే బెదిరి, తర్వాత పిట్ట వాసనకే దూరం జరిగే కుక్కలున్నాయి. అడుగు కదపకుండా నిలిచాకే దూరంలో ఉత్తుత్తి తోటా పేల్చేది, అది అలవాటయ్యాకే పిట్టని పడగొట్టేది. ఈ వరసలో ఒక మెట్టు దాటేసినందుకు రెండుసార్లు మొదటికి రావాల్సొచ్చింది. పెద్దోడు మూడో సీజన్‌కి గానీ కుదుటపడలేదు.

ఇక్కడిదాకా రాసి చదువుకున్నాను. అంత ఘోరమా? అనిపిస్తోంది.

గాంబెల్ పూరేడు అసలు ఎగిరే రకం కాదు, పరుగెత్తే రకం. మన కౌజుల్లాగే. (మనవైపు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవి పిట్ట జోలికి పోకూడదు గానీ, చేను గట్టున కౌజు పరుగు చూసినవాళ్ళకి దీని పరుగు కొత్త కాదు. ఇక్కడి మెస్కీట్ కూడా మన సర్కారు తుమ్మకి దాయాదే.) బాబ్‌వైట్ పూరేళ్ళ లాంటివి కుక్క ముందు నక్కి కూర్చుంటాయి, పాయింట్ పాఠాలన్నీ వాటి మీద పుట్టినవే. గాంబెల్ గుంపు ముందు కుక్క మర్యాదగా నిలబడితే, ఆ గుంపు అంతే మర్యాదగా గుట్ట అవతలికి నడిచిపోతుంది. అందుకే ఇక్కడి ముదుర్లు గుంపు కనపడగానే అరుస్తూ పరుగెత్తి చెదరగొడతారు. పది, పదిహేను నిమిషాలు ఆగుతారు. వెంటనే వెళితే లాభం లేదు, ఎగిరి దిగిన పిట్ట ఒంటికి గాలి కొట్టుకుని వాసన సన్నబడి ఉంటుంది. మరీ ఆలస్యమైతే పిలుచుకుని మళ్ళీ పోగవుతాయి. ఈ మధ్యలో ఒంటరి పిట్టలు గడ్డి దుబ్బుల్లో అడుగు పెట్టేదాకా కదలవు. కూనలకి అసలు బడి అదే.

ఆ లెక్కన రాగి చేసింది పనికొచ్చిన పనే. అది చెదరగొట్టింది కాబట్టే, చోయా పుణ్యమా అని నేను పద్నాలుగు నిమిషాలు ఆగాను కాబట్టే, జొన్న కుంటుకుంటూ రెండు ఒంటరి పిట్టల్ని నిలబెట్టింది. రెండూ పద్ధతిగా లేచాయి, రెండూ పడ్డాయి. ఒకటి రెక్క విరిగి ఎడారి ఎలుక గూటి వైపు పరుగెత్తింది, జొన్న గూటి గుమ్మంలో పట్టేసింది. గూట్లో దూరి ఉంటే వదిలెయ్యాల్సొచ్చేదేమో, ఈ మట్టి తవ్వనిస్తే వ్యాలీ ఫీవర్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే బూజు ముక్కులోకి పోతుంది. బాగుంది. ఇవాళ బాగున్నది అదే.

అంటే తరమడం తప్పు కాదు, కొట్టడమే తప్పు? పొద్దున ఆ నాలుగూ లేచినప్పుడు ఊరికే చూస్తూ నిలబడి ఉంటే రాగి కాసేపు వాటి వెంట పరుగెత్తి, ఏమీ దొరక్క, నాలుక వేలాడేసుకుని వచ్చేది. పిట్టని ఎవరూ పరుగెత్తి పట్టుకోలేరని తెలుసుకోవడానికి కూనలకి అలాంటి ఉత్త పరుగులు ఓ ముప్పై పడాలి. అందులో ఒకటి నేను చెడగొట్టాను.

కాదు, ఇది కూడా సగమే. అసలు రెండింటినీ ఒకేసారి ఎందుకు వదిలాను? ఒకే ఈతలో పుట్టిన కూనలు పక్కపక్కనుంటే పిట్టని వెతకవు, పందెం పరుగెడతాయి. బ్యాకింగ్ అనేది రెండూ విడివిడిగా నిలబడ్డం నేర్చాక వచ్చే చదువు. ఒకటి ట్రక్కు దగ్గర గొలుసుకి, ఒకటి నాతో, గంటకి మార్చాలి. తెలుసు. గొలుసు మీద కూన ఏడుపు వినలేక రెండూ విప్పాను.

మూడింటినీ నేనే శుభ్రం చేశాను. రెక్క మీద పెద్ద ఈకల మొదళ్ళు కప్పే చిన్న ఈకల మొనలు లేత గోధుమరంగులో ఉంటే అది నిరుటి వసంతంలో పుట్టిన పిల్ల, అంతా ఒకే బూడిదరంగైతే ముదురు. జొన్న నిలబెట్టిన రెండూ పిల్లలు. మూడోది ముదురు. ఇంతకుముందొక సీజన్ చూసి, ఎన్ని కుక్కల్ని దాటొచ్చిందో. మేతసంచిలో పచ్చటి లేత ఆకులు, కొన్ని గింజలు. ఆకులంటే వాగు నీడపక్క మొలకలొచ్చాయన్నమాట, ఈసారి అటు చూడాలి. చలికాలం వానలు సరిగా పడి ఆ పచ్చదనం నిలిస్తేనే వచ్చే ఏడాది గుంపులు.

రేపు మధ్యాహ్నం మిరియాల వేపుడు. రోజుకు 15 దాకా కొట్టొచ్చంటుంది రూలు, మా ఇంటికి మూడే మహా ఎక్కువ.

ఫిబ్రవరి మొదట్లో సీజన్ కట్టేస్తారు, ఇంకా మూడు ఆదివారాలున్నాయి. వచ్చే వారం తుపాకీ ఇంట్లోనే ఉంటుంది. గాలికి ఎదురుగా, వాగు పైకొస నుంచి. ముందు రాగి ఒక్కటే. జొన్న గంటసేపు గొలుసుకి ఏడుస్తుంది, ఏడవనీ. దువ్వెనకి మాత్రం చిల్లు పొడిచి బూట్ల తాడుతో జేబుకి కట్టేశాను. బొమ్మకి వేరే దువ్వెన కొనాలట, మణికట్టు ఇంకా మండుతోంది.