పట్టీ మీద లండన్, కడుపులో లీఎజ్

హిమాయత్‌నగర్‌లోని మా మేనమామగారి ఇంట్లో, తాతగారి కాలం నాటి డబుల్ బ్యారెల్ తుపాకీ ఒకటి లైసెన్సుతో సహా ఇనుప బీరువాలో ఉంటుంది. రెండు గొట్టాల నడుమ పట్టీ మీద ఒక ఇంగ్లీషు పేరు, దాని పక్కన లండన్ అన్న మాట చెక్కి ఉండడంతో అది సీమ సరుకేనని ఇంటిల్లిపాదీ నమ్ముతూ వచ్చారు. కిందటేడు శుభ్రం చేయించడానికి మామయ్యతో కలిసి దుకాణానికి వెళ్తే, అక్కడి వృద్ధ మిస్త్రీ "పేరు చదవకండి సాబ్, కడుపు చూడండి" అంటూ గొట్టాల కింద పట్టుకునే ముందు కర్ర ఊడదీసి, గొట్టాలను వెల్లకిలా తిప్పి, నా చేతికి భూతద్దం ఇచ్చారు.

తూటా దూర్చే చోటికి అడుగున, కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఇ, ఎల్, జి అన్న అక్షరాలు, వాటిపైన ఒక కిరీటం కనిపించాయి. అది బెల్జియంలోని లీఎజ్ నగరంలో తుపాకులను పరీక్షించే శాల వేసే ముద్ర. కిరీటం 1893లో చేరింది కనుక తుపాకీ ఆ తర్వాతిదే.

మామయ్య ముఖం చిన్నబోయింది. బెల్జియం అంటే నాసిరకమన్న మాట సేకర్తల్లో ఇప్పటికీ వినిపిస్తుంది, అది పూర్తిగా అబద్ధమూ కాదు. లీఎజ్ చుట్టుపక్కల ఊళ్లలో ఒకరు గొట్టాలు, ఒకరు తాళాలు (తూటాను పేల్చే యంత్రం), ఒకరు కర్ర, ఎవరి ఇంట్లో వారు చేసి ఇచ్చేవారు. బేరగాడు ఎంత ఇస్తే అంత పనితనం. అమెరికా సామాన్ల దుకాణాలకు వేలకొద్దీ చవక తుపాకులు, ప్రసిద్ధ ఇంగ్లీషు పేర్లను తలపించే పేర్లతో, ఇక్కడి నుంచే వెళ్లాయి. అయితే ఫ్రాంకాట్, 1865 నాటి లెబో-కురాలి వంటి సంస్థల మేలిరకం తుపాకులూ ఈ ఊరివే. వాటిని లండన్ పనితనం పక్కన పెట్టి చూడడానికి సేకర్తలు వెనుకాడరు. అందుచేత దేశం పేరు చూసి వెల కట్టడం, నా దృష్టిలో, బద్ధకమే.

మా తుపాకీ ఈ రెంటికీ నడుమది. గొట్టాల మీద అలలు అలలుగా కనిపించే డమాస్కస్ నగిషీ, ముందు కర్ర కప్పి ఉంచిన చోట కూడా తెగకుండా సాగింది. కాబట్టి అది మామూలు ఉక్కు మీద వేసిన పైపూత కాదు, ఇనుమూ ఉక్కూ మెలిపెట్టి సాగగొట్టిన అసలు గొట్టమేనని మిస్త్రీ తేల్చారు. తుపాకీ మూసి చూస్తే ఎక్కడా వదులు లేదు. కానీ నేటి తూటాల్లో వాడే పొగలేని తుపాకిమందుకు పరీక్షించినట్టు చెప్పే, సింహం బొమ్మతో కూడిన పి.వి. ముద్ర కనిపించలేదు. పాత నల్ల తుపాకిమందు కాలపు గొట్టంలో నేటి తూటా వేస్తే గొట్టం చీలి చేతులు పోవచ్చని ఆయన గట్టిగా హెచ్చరించారు.

ధర అడిగాం. "కాల్చకుండా ఉంటే చాలా విలువైనది" అని నవ్వి, నూనె గుడ్డ చుట్టి ఇచ్చేశారు. ఇప్పుడు ఇంటికి వచ్చినవారికి మామయ్య ముందు కర్ర ఊడదీసి మరీ కిరీటం చూపిస్తున్నారు. లీఎజ్ అనడం మాత్రం ఇంకా నోరు తిరగలేదు.