సగంలో ఆగిన అప్‌డేటు, నాయన మగ్గం మాటలు

ఆదివారం, రాత్రి పదిన్నర.

మధ్యాహ్నం రెండున్నరకు పాలకొండల దిక్కు నుంచి గాలి లేచింది. పొద్దున్నుంచీ ఉడికిపోతున్న కడప ఒక్కసారిగా దుమ్ము కప్పుకుంది. మిద్దె మీద ఆరేసిన వడియాల చీర ఎగిరిపోతుందేమోనని పరిగెత్తాను. సగం మెట్లెక్కేసరికే కరెంటు పోయింది. కింద గదిలోంచి నాయన కేక వేశాడు: "పాపా, పొయిందే!"

కరెంటు సంగతి చెప్తున్నాడనుకున్నా. వడియాలు కిందికి తెచ్చి చూస్తే ఆయన కంప్యూటరు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తెర నల్లగా ఉంది. "అప్‌డేటు చెయ్యాలని అడిగింది. సరేనన్నా. సగం గూడా కాలేదు" అన్నాడు.

యూపీఎస్ ఉంది గానీ దాని బ్యాటరీ పోయి ఏడాదైంది. మార్పిద్దాం మార్పిద్దాం అంటూ నేనే నెట్టుకొచ్చాను. ఇన్వర్టరు ఫ్యాన్లకు, లైట్లకు, హాల్లో టీవీ ప్లగ్గుకు మాత్రమే. నాయన గదిలో ప్లగ్గుకు ఆ లైను లేదు. ఇవన్నీ నాకు తెలిసిన విషయాలే. తెలిసి ఊరుకున్నవే.

గంట తర్వాత కరెంటొచ్చింది. మీట నొక్కితే లోపల ఫ్యాను తిరిగింది, తయారీ కంపెనీ బొమ్మ వచ్చింది, ఆ తర్వాత నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు గబగబా కిందికి జారి ఆగిపోయాయి. కీబోర్డు మీద క్యాప్స్‌లాక్ దీపం మాత్రం వెలుగుతూ ఆరుతూ ఉంది. చివరి వరుసలో "కెర్నల్ పానిక్" అని ఉంది. రూట్ ఫైల్ సిస్టమ్ దొరకలేదని, 'అన్‌నోన్ బ్లాక్ సున్నా, సున్నా' అని ఇంకేదో. ఆపి మళ్ళీ వేశాం. అదే తెర. మూడోసారీ అదే.

నాయన ఏమీ అనలేదు. లేచి పోయి కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు. అప్పుడు భయమేసింది నాకు.

ఆ కంప్యూటర్లో ఏముందో రాసుకోవాలి. నాయన పుట్టింది మాధవరంలో, గుంటమగ్గం పక్కన. తాత నేశాడు, పెద్దత్త ఇప్పటికీ నేస్తుంది. నాయన ఒక్కడు చదువుకుని తెలుగు అయ్యవారు అయ్యాడు. రిటైరైన తర్వాత మగ్గం మాటలు పోగుచేయడం మొదలుపెట్టాడు. పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు), నాడె (పేకను అటూ ఇటూ తీసుకుపోయేది), కండె, పన్నె, ఆసు లాంటివి నేసేవాళ్ళందరికీ తెలిసినవి. ఆయన వెతికేది వాటి వెనకాల ఉన్నవి: పోగు తెగితే ఏమంటారు, ముడి ఎన్ని రకాలు, గంజి పల్చనైతే ఏమని తిడతారు, అంచు ఒక పక్కకు లాగితే ఏమంటారు. ఊరూరూ తిరిగి, ముసలివాళ్ళ పక్కన కూర్చుని రాసుకున్నాడు. బ్రౌన్ దొర నిఘంటువులో ఆ మాట ఉందా, ఉంటే ఏ అర్థంతో ఉందో చూడటానికి ఎర్రముక్కపల్లెలో సీపీ బ్రౌన్ గ్రంథాలయానికి పోతాడు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి నిలబెట్టిన చోటది. బ్రౌన్ 1820లో కడపకొచ్చి, బంగళా కొని, పండితులను జీతాలకు పెట్టుకుని తాళపత్రాలకు నకళ్ళు రాయించిన ఊరు మాది. ఒక్కో కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి సరిచూడమనేవాడట. అది చెప్పేటప్పుడు నాయన గొంతు మారిపోతుంది.

మొదట్లో నోటు పుస్తకాల్లో రాసేవాడు. తమ్ముడు బెంగుళూరు నుంచి వచ్చినప్పుడు పాత కంప్యూటరుకు విండోస్ బదులు వాడే ఉబుంటు ఎక్కించి, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగు పద్ధతి నేర్పించి, కీల మీద తెలుగక్షరాల స్టిక్కర్లు అతికించి పోయాడు. అప్పట్నుంచి నేరుగా టైపు చేయడమే. నాలుగేళ్ళు. రెండు వేల మూడు వందల పైచిలుకు మాటలు. పెన్‌డ్రైవ్‌లోకి చివరిసారి ఎక్కించింది సంక్రాంతికి. తర్వాతవి మూడు వందల నలభై దాకా ఉంటాయన్నాడు నాయన. అవి ఇంకెక్కడా లేవు.

ఏడురోడ్ల దగ్గర తెలిసిన షాపతనికి ఫోన్ చేశాను. ఏం కనబడుతోందని అడక్కుండానే "ఫార్మాట్ కొట్టాల్సిందేక్కా. తీసుకురాండి, గంటలో ఇచ్చేస్తాం. డేటాకు మాత్రం గ్యారంటీ లేదు" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేను. ముందు పది మిషన్లు పెట్టుకుని కూర్చున్నవాడికి అన్నిటికంటే దగ్గరి దారి అదే. కానీ వైద్యం అడిగితే మొదటి మాటే అది కావడం నాకు గిట్టదు. తెర ఏదో చెప్తోంది కదా, ముందు అది చదవాలి కదా. బళ్ళో లెక్క తప్పు చేసిన పిల్లాడి పలకను నేను తుడిచెయ్యను. ఏ మెట్టులో తప్పిందో చూస్తాను.

తమ్ముడికి వీడియో కాల్ చేసి ఫోను తెర వైపు తిప్పాను. చాలాసేపు చదివాడు. "అక్కా, డిస్కు బాగానే ఉన్నట్టుండాది. పైన దాని పేరు కనబడతాండాది చూడు. కెర్నల్ లేచింది గానీ దానికి తాళాలు దొరకలేదు" అన్నాడు.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. కెర్నల్ అంటే యంత్రంలో మొట్టమొదట నిద్రలేచేది. అది లేచేసరికి డిస్కు ఏ రకమో, దాన్ని ఎట్లా తెరవాలో దానికి తెలియదు. అందుకని పక్కనే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అని ఒక చిన్న మూట ఉంచుతారు. డిస్కు తలుపు తీసే తాళంచెవులు అందులో ఉంటాయి. అప్‌డేటు కొత్త కెర్నల్‌ను తెచ్చి పెట్టింది. దాని మూట కడుతూ ఉండగా కరెంటు పోయింది. కొత్త కెర్నల్ లేచి, ఖాళీ మూట విప్పి, దారి తెలీక నిలబడిపోయింది.

"పాతది యాడికీ పోదక్కా. ఉబుంటు అంతకు ముందరి కెర్నల్‌ను ఊరికే తీసెయ్యదు. ఇట్లాంటి రోజు కోసమే పెట్టుకుంటాది."

ముందు యంత్రాన్ని హాల్లోకి మోసుకొచ్చి టీవీ ప్లగ్గుకు తగిలించాం. మళ్ళీ కరెంటు పోతే ఈసారి ఇన్వర్టరు పట్టుకుంటుంది. పొద్దున్నే ఈ పని చేసి ఉంటే!

మీట నొక్కిన వెంటనే షిఫ్ట్ నొక్కి పట్టుకోమన్నాడు తమ్ముడు. రెండుసార్లు తప్పిపోయింది. మూడోసారికి ఊదా రంగు మెనూ వచ్చింది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి పోతే రెండు కెర్నళ్ళు, వాటి కింద వాటి రికవరీ మోడ్‌లు, అంటే పాడైనప్పుడు బాగుచేసుకోవడానికి లేపే దారులు. పాతదాని రికవరీ మోడ్ తీసుకున్నాం. అక్షరాలు మళ్ళీ జారాయి. ఈసారి ఆగకుండా ఒక మెనూ దగ్గర నిలిచాయి. అందులో రూట్ అన్నది ఎంచి ఎంటర్ కొడితే ఆజ్ఞలు టైపు చేసే ఒక మిణుకుమనే గీత దగ్గరికి తీసుకుపోయింది.

"ఇప్పుడు బాగు చేద్దామా?" అన్నాడు తమ్ముడు.

వద్దన్నాను. ముందు నాయన ఫైళ్ళు బయటికి రావాలి. ఆ తర్వాత ఏమైనా కానీ. "రిపేరు ఆ ఫోల్డరు జోలికే పోదక్కా" అన్నాడు. నాకు తెలుసురా, అయినా సరే అన్నాను. ఒక్క క్షణం ఆగి వాడూ ఒప్పుకున్నాడు. డిస్కు ఇప్పుడు చదవడానికి మాత్రమే తెరిచి ఉంది, రాయడానికి కాదు, కాబట్టి నకలు తీయడానికి ఇంతకంటే మంచి సమయం లేదన్నాడు.

వాడు చెప్పిన మాట టైపు చేసి ఫోల్డరులో ఏముందో చూడబోతే తెర నిండా చిన్న చిన్న డబ్బాలు. నాయన తన ఫైళ్ళన్నిటికీ తెలుగులోనే పేర్లు పెట్టుకున్నాడు. ఒక్క అక్షరం లేదు, వరుసగా డబ్బాలే. వెనక నిలబడి చూస్తున్న నాయన నా కుర్చీ వీపు గట్టిగా పట్టుకున్నాడు. "అక్షరాలు పొయినాయి గదమ్మా."

"పోలేదు నాయనా," ఫోన్లోంచి తమ్ముడు గట్టిగా అన్నాడు, "ఈ తెరకు తెలుగు రాదు, అంతే. రాసింది రాసినట్టే ఉండాది లోపల." తర్వాత నెమ్మదిగా వివరించాడు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో నంబర్లిచ్చే పట్టిక యూనికోడు, అందులో తెలుగుకు 128 గళ్ళున్నాయి. మనం రాసే ప్రతి గుర్తూ డిస్కులో మూడు బైట్లుగా కూర్చుంటుంది. పడుగు అని రాస్తే ప, డ, కొమ్ము, గ, కొమ్ము, మొత్తం ఐదు గుర్తులు, పదిహేను బైట్లు. ఈ నల్ల తెర దగ్గర ఆ బైట్లకు తగిన బొమ్మలు లేక డబ్బాలు గీస్తోంది. నాయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. పదిహేను. కుర్చీ వదిలేశాడు.

తమ్ముడి ఆలోచన ఒకటి నాకు భలే నచ్చింది. పెన్‌డ్రైవ్‌కు ఈ పరిస్థితిలో తెలుగు పేర్లు సరిగ్గా ఎక్కకపోవచ్చని, అన్నిటినీ కలిపి ఒకే మూటగా కట్టి, ఆ మూటకు ఇంగ్లీషు పేరు పెడదామన్నాడు. దానికి టార్ అని ఒక ఆజ్ఞ ఉంది. లోపలి పేర్లు లోపల క్షేమంగా ఉంటాయి. పెన్‌డ్రైవ్ ఏ పేరుతో తగులుకుందో చూసి, తెరిచి, మూట కట్టించాడు. ఒక్కో అక్షరం నాకు చెప్తుంటే నేను పైకి చదివి, వాడు ఊఁ అన్న తర్వాతే ఎంటర్ కొట్టాను. పెన్‌డ్రైవ్ పీకి నా ల్యాప్‌టాప్‌కు పెట్టి మూట విప్పాను. తెలుగు పేర్లు తెలుగులో వచ్చాయి. 'మగ్గం మాటలు' అన్న ఫైలు తెరిచి కిందికంటా జరిపాను. వైశాఖంలో చేర్చినవి కూడా ఉన్నాయి.

నాయన అక్కడే నేల మీద కూర్చున్నాడు. ఆ నిమిషం గురించి ఇంకేమీ రాయలేను.

తర్వాత రిపేరు. ముందుగా బూట్ ఫోల్డరులో ఫైళ్ళ సైజులు చూపించాడు. పాత మూట పక్కన ఎనిమిది అంకెల సంఖ్య. కొత్త మూట పక్కన ఒక్క సున్నా. పేరు ఉంది, లోపల ఏమీ లేదు. ఇంత గందరగోళానికీ కారణం ఆ ఒక్క సున్నా.

డిస్కును రాయడానికి వీలుగా మళ్ళీ తెరిచి, డీపీకేజీ, ఒక ఖాళీ, రెండు గీతలు, కాన్ఫిగర్, ఒక ఖాళీ, ఒక గీత, ఏ అని ఆజ్ఞ టైపు చేయించాడు. దానర్థం, సగంలో ఆగినవన్నీ వెతికి పూర్తిచెయ్యి అని. ఇన్నేళ్ళూ నాకు తెలియని విషయం ఒకటి ఇక్కడ తెలిసింది. ఉబుంటు తాను ఎక్కించే ప్రతి ప్యాకేజీ, అంటే ప్రతి ప్రోగ్రాము కట్ట, ఏ దశలో ఉందో ఒక చిట్టాలో రాసుకుంటూ పోతుందట. ఇది విప్పడం అయింది, ఇది సగం అమర్చింది, ఇది పూర్తయింది అని. కరెంటు పోయినా చిట్టా మిగులుతుంది. అందుకే మొదటి నుంచి మొదలుపెట్టకుండా ఆగిన చోట అందుకోగలదు.

ఇది వినగానే నాయన అన్నాడు: "మగ్గం మీద పోగు తెగితే పడుగు కోసేస్తామా? తెగిన కొస యాడుందో వెతికి అతుకుతాం. వీళ్ళకూ తెలుసన్నమాట."

వరుసలు ఒక్కొక్కటే కదిలాయి. కొత్త కెర్నల్ మూట కట్టే వరుస దగ్గరికొచ్చి తెర నిలిచిపోయింది. కరెంటు పోయింది ఇక్కడే అయ్యుంటుంది. పాత యంత్రం, నెమ్మది. రెండు నిమిషాలో మూడో, బయట ఇంకా గాలి. వాళ్ళ పనంతా నా చేతిలో పెట్టినట్టు ఫోన్లో తమ్ముడూ, పక్కన నాయనా గమ్మున ఉన్నారు. తర్వాత గీత కిందికి దిగింది. వాడి తృప్తి కోసం మూటలన్నీ ఇంకోసారి కట్టించి, మెనూ మళ్ళీ రాయించి, సైజులు చూపించమన్నాడు. కొత్తదాని పక్కనా ఎనిమిది అంకెలు.

రీబూట్ చేస్తే మామూలుగా, ఏమీ జరగనట్టు, నాయన లాగిన్ తెర వచ్చింది. టైము ఆరూ ఇరవై. వాన పడలేదు. గాలి, నాలుగు చినుకులు, అంతే.

రేపు బడి నుంచి వస్తూ యూపీఎస్ బ్యాటరీ తేవాలి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి నాయన గదిలో ప్లగ్గుకు ఇన్వర్టరు లైను లాగించాలి. మూడు పెన్‌డ్రైవ్‌లు: ఒకటి ఇక్కడ, ఒకటి తమ్ముడి దగ్గర, ఒకటి మాధవరంలో అత్త బీరువాలో. ప్రతి ఆదివారం సంగటి తిన్న తర్వాత నకలు తీయడం నా పని. నాయన మూడు ప్రతులంటే వెంటనే ఒప్పుకున్నాడు. బ్రౌన్ దొర నాలుగైదు తెప్పించేవాడు గదా అన్నాడు.

రాత్రి అన్నాలయ్యాక ఫైలు తెరిచి కూర్చున్నాడు. మధ్యాహ్నం కరెంటు పోకముందు టైపు చేసిన మాటలు రెండు లేవు. సేవ్ కాలేదు. ఒకటి వెంటనే గుర్తొచ్చింది. రెండోది ఎంతకీ రాలేదు. కళ్ళు మూసుకుని, చేతులతో గాలిలో నాడె విసిరినట్టు ఆడిస్తూ చూశాడు. లాభం లేదు. చివరికి మాధవరానికి ఫోన్ చేశాడు.

"అక్కా, పేక పోగు వదులై అంచు దగ్గర మెలి పడితే ఏమంటామే మనం?"

అత్త మాట నాకు ఇవతలికి కూడా వినిపించింది. "తొమ్మిదిన్నరకు ఫోన్ చేసి అడిగేది ఇదా అబ్బీ? ఎవురికేమైందో అని గుండె గుబేలుమనింది నాకు." తర్వాత ఆ మాట చెప్పింది. నాయన ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని టైపు చేశాడు. "ఇంకోటి కూడా ఉందిరా, రాసుకో" అంటోంది అత్త. ఇంకా రాసుకుంటూనే ఉన్నాడు.