శిష్యుడి నడక

ఈరోజు రిహార్సల్ నాలుగుంపావుకి మొదలుపెట్టి ఐదూ నలభైకి ఆపాం. అనుకున్నవి మూడు సీన్లు, అయింది ఒక్కటే. కానీ ఇంటికొచ్చి వంట చేసుకుంటున్నంతసేపూ ఆ ఒక్క సీనే కళ్ళ ముందు ఆడుతోంది. మర్చిపోకముందే రాసుకుంటున్నాను.

వార్షికోత్సవానికి ‘కన్యాశుల్కం’లోంచి ఇరవై నిమిషాల ముక్క వేస్తున్నాం. ఏడంకాల నాటకం, అంతా వేయడం మావల్ల కాదు. అందుకని కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం కట్టి లుబ్ధావధాన్లుకి అంటగట్టే ఘట్టం పట్టుకున్నాం. మేనకోడలు సుబ్బిని ఆ ముసలాడి నుంచి తప్పించడానికి ఆయన పన్నే ఎత్తు అది. మాది ఆడపిల్లల హైస్కూలు. పంచెలూ పిలకలూ మీసాలూ అన్నీ మా పిల్లలవే. మిగతా పాత్రలకి ఇబ్బంది లేదు. చిక్కంతా శిష్యుడితోనే. ఆ వేషం వేసే తొమ్మిదో తరగతి పిల్ల ముందు మగపిల్లాడు కావాలి, ఆ మగపిల్లాడు మళ్ళీ ఆడపిల్ల కావాలి.

వారం నుంచి ఆ రెండో మార్పు కుదరడం లేదు. పరికిణీ కట్టుకుని రాగానే ఆ పిల్ల మామూలుగా నడిచేస్తుంది. మామూలుగా నడిస్తే అది నిజం ఆడపిల్లే కదా, వేషం ఏముంది? చూసేవాళ్ళకి లోపల మగపిల్లాడు కనపడాలి. నేను రెండు మూడు రకాలుగా చెప్పి చూశాను. ఈరోజు తనే ఆగిపోయి, కాసేపు నేలకేసి చూసి అడిగింది:

“టీచర్, మా అన్నయ్య నన్ను వెక్కిరించేటప్పుడు ఒక నడక నడుస్తాడు. అది నడవనా?”

నడవమ్మా అన్నాను. పరికిణీ కుచ్చిళ్ళు రెండు వేళ్ళతో కాస్త పైకెత్తి పట్టుకుంది. తల వంచింది, కానీ మరీ ఎక్కువగా వంచింది. నాలుగు అడుగులు వయ్యారంగా వేసి, అయిదో అడుగు మర్చిపోయినట్టు బారుగా పడేసి, ఉలిక్కిపడి మళ్ళీ చిన్నది చేసుకుంది. గది గదంతా గొల్లుమంది. కరటకశాస్త్రి వేసే పిల్ల డైలాగు మర్చిపోయి అలాగే చూస్తూ నిలబడిపోయింది. ఆ అయిదో అడుగు నేను చెప్పింది కాదు. ఆ పిల్ల తన ఇంట్లో, తన మీద జరిగిన వెక్కిరింపులోంచి తీసుకొచ్చి స్టేజీ మీద పెట్టింది. తనని ఏడిపించడానికి వాడిన నడక ఇప్పుడు తన చేతిలో పనిముట్టయింది. అది చూస్తుంటే నాకు నవ్వుతోపాటు కళ్ళల్లో నీళ్ళు కూడా వచ్చాయి.

1892లో విజయనగరంలో ఈ నాటకం మొదటిసారి ఆడే నాటికి ఆడవేషాలు మగవాళ్ళే కట్టడం మామూలు. ఆ తర్వాత స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కడితే జనం విరగబడి చూసేవారట. అది గొప్ప విద్యే, కాదనను. కానీ ఆడవాళ్ళ పాత్రలు ఆడవాళ్ళే వేయాలని నటుడు బళ్ళారి రాఘవ గారు అంత పట్టుదలగా ఎందుకన్నారో ఈరోజు ఇంకాస్త బాగా అర్థమైంది.

మా ఊరికి రాజమండ్రి దగ్గరే. వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టారు. 1880లో రాజమండ్రిలో తన శిష్యుల చేత నాటకం ఆడించారు. రెండూ ఆయనే చేశారు, కానీ ఆ ఆడపిల్లలకి ఆ స్టేజీ ఎక్కే రోజు రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మా పిల్లలకి ఈ సంగతి చెబితే లుబ్ధావధాన్లు వేసే పిల్ల వెంటనే, “మరి మేం ఎక్కాం కదా టీచర్” అంది.

లుబ్ధావధాన్లుది ఇంకో సమస్య, గొంతు. నేను వరండా చివర సైకిల్ స్టాండ్ దగ్గర కూర్చుంటాను. వినపడకపోతే చెయ్యెత్తుతాను, అంతే, నోటితో ఏమీ అనను. మొదటి వారం చెయ్యి దించే పని లేకపోయింది. ఇళ్ళల్లో పొద్దస్తమానం “మెల్లగా మాట్లాడవే, నలుగురూ వింటారు” అని పెంచిన పిల్లలు. ఇక్కడేమో ఆ నలుగురూ వినాలి, ఆఖరి వరసలో కూర్చున్న అయిదోవాడికీ వినపడాలి. అరిస్తే గొంతు బొంగురుపోతుంది తప్ప మాట దూరం పోదు. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి నిండా పీల్చి, మాట చివరి అక్షరం మింగకుండా అనమని రోజూ పది నిమిషాలు చేయిస్తున్నాను. ఈరోజు లుబ్ధావధాన్లు శుల్కం బేరం ఆడుతుంటే నేను ఒక్కసారే చెయ్యెత్తాను. అదీ పక్కన లారీ పోయినప్పుడు.

ఒక్కటే బాధ. టైంటేబుల్లో ఆర్ట్ పీరియడ్ అని ఉంటుంది, పరీక్షలు దగ్గర పడగానే అది లెక్కలకో సైన్సుకో పోతుంది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికలోనే సంగీతం, నృత్యం, బొమ్మలతోపాటు నాటకం కూడా చదువులో భాగమని రాశారు. కాగితం మీద ఉన్నది మాకు మాత్రం బడి వదిలాక మిగిలిన గంటన్నరే. ఆ గంటన్నరలోనూ ఆటో వచ్చేసిందని ముగ్గురు మధ్యలో వెళ్ళిపోతారు. పోయిన వారం ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారు వచ్చి, “నాటకాలెందుకండీ, మార్కులొస్తాయా” అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే అడిగారు. ఒకసారి వచ్చి రిహార్సల్ చూడండి అని పిలిచాను. ఈరోజు వచ్చారు. గుమ్మం దగ్గరే నిలబడి చూశారు. వెళ్ళేటప్పుడు నాతో ఏమీ అనలేదు కానీ, పిల్ల పంచె ఊడిపోతుంటే పిలిచి, కుచ్చిళ్ళు ఎలా దోపుకోవాలో రెండుసార్లు విప్పి కట్టి చూపించారు. గోచీ గట్టిగా లాగి దోపకపోతే ఎంత పిన్నులు పెట్టినా నిలవదట. మిగతా ఇద్దరు మగవేషాలు కూడా వచ్చి పక్కన నిలబడి నేర్చుకున్నారు.

రేపటికి ఇంకో రెండు ఎనిమిది మూరల పంచెలు కావాలి. ఒకటి తన దగ్గరుంది, ఉతికించి పంపిస్తానని ఆయనే అన్నారు.