ప్లేటు మీద బరువు దిగిందంటే ఎముక అతికినట్టేనా?

"ఎముక అతుక్కుందా సార్?" నెల్లూరులో ఏ ఎముకల ఆసుపత్రి ఓపీలో కూర్చున్నా పూటకు పదిసార్లు వినపడే మాట. ఎక్స్‌రే దీనికి నిదానంగా జవాబిస్తుంది. ఉదయగిరి నుంచి దాదాపు వంద కిలోమీటర్లు బస్సులో వచ్చి తీయించుకున్నా "ఇంకో నెల చూద్దాం" అనడమే ఎక్కువ. ఆ లోటు తీర్చడానికే, విరిగిన ఎముకను పట్టి ఉంచడానికి స్క్రూలతో బిగించే లోహపు ప్లేటుకు సెన్సర్ అతికించే ప్రయత్నాలు.

చీమకుర్తిలో గ్రానైటు పలకను ఇద్దరు ఎత్తడం చూసే ఉంటారు. రెండోవాడు చెయ్యి వేసేకొద్దీ మొదటివాడి మీద బరువు దిగుతుంది. మొదటివాడు ప్లేటు, రెండోవాడు కొత్తగా పడుతున్న ఎముక. సెన్సర్ కొలిచేది మొదటివాడి చేతులనే, ఎముకను కాదు.

ఆ సెన్సర్ స్ట్రెయిన్ గేజ్, అంటే ప్లేటు ఎంత సాగిందో కొలిచే సన్నటి లోహపు రేకు. అది సాగితే దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. 350 ఓమ్‌ల గేజ్, గేజ్ ఫ్యాక్టర్ (సాగుడుకు నిరోధం ఎన్ని రెట్లు స్పందిస్తుందో చెప్పే అంకె) 2 అనుకుంటే, 500 మైక్రోస్ట్రెయిన్‌కు (ఒక మైక్రోస్ట్రెయిన్ అంటే పొడవులో పది లక్షో వంతు సాగుడు) వచ్చే తేడా 0.35 ఓమ్ మాత్రమే. టైటానియం డిగ్రీకి 9 మైక్రోస్ట్రెయిన్ దాకా వ్యాకోచిస్తుంది. 20 డిగ్రీల ఆపరేషన్ థియేటర్లో సున్నా పెట్టి 37 డిగ్రీల ఒంట్లో చదివితే, సరిదిద్దుబాటు లేని గేజ్‌లో 150 మైక్రోస్ట్రెయిన్ దాకా తప్పు వస్తుంది. అందుకే వేడి వల్ల వచ్చే తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసేలా నాలుగు గేజ్‌లను కలిపే వీట్‌స్టన్ బ్రిడ్జి అనే సర్క్యూట్ కావాలి, సున్నా కూడా ఒంట్లోకి వెళ్లాకే పెట్టాలి. రీడింగును ఒంట్లోంచి వైర్‌లెస్‌గా పంపే యాంటెన్నాను టైటానియం డబ్బాలో మూసేస్తే సిగ్నల్ బయటికి రాదు, దాన్ని పాలిమర్ కిందో సిరామిక్ కిందో పెట్టాలి.

2021లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన పర్సోనా ఐక్యూ అనే సెన్సర్ ఉన్న కృత్రిమ మోకాలు అడుగులూ నడక వేగమూ లెక్కపెడుతుంది, అతుకును కాదు. అతుకు కొలిచే ప్లేట్లు ఇంకా ఎక్కువగా పరిశోధన దశలోనే ఉన్నాయి.

రీడింగు తీసే పద్ధతిలోనే అసలు తిరకాసు. రోగి భయపడి కాలు ఆనించకపోయినా అంకె తగ్గుతుంది. కాబట్టి మొదట కాలు వేలాడేసి సున్నా చూడాలి. తర్వాత వాకర్ పట్టుకుని, డాక్టరు ఒప్పుకున్నంత బరువు, ఉదాహరణకు 15 కిలోలు, తూకం మిషను మీద ఆనించాలి. ఐదు సెకన్ల చొప్పున మూడుసార్లు. వచ్చిన స్ట్రెయిన్‌ను కిలోలతో భాగించి, వారం వారం ఆ అంకెనే పోల్చాలి. కాలు వేలాడేసినప్పటి సున్నాయే మారిపోతుంటే సెన్సర్ సీలులోకి తేమ దిగిందేమో అనుమానించి ఆ రీడింగులు పక్కన పెట్టాలి.

ఇంకో చిక్కుంది. మొదటివాడు పట్టు జారవిడిచినా వాడి మీద బరువు తగ్గుతుంది కదా! స్క్రూ వదులైతే జరిగేదదే. అంకె మెల్లగా దిగకుండా ఉన్నట్టుండి పడితే, నొప్పి కూడా పెరిగితే, ఎక్స్‌రే తీయించి స్క్రూ చుట్టూ నల్లటి గీత ఉందేమో చూడాలి.