పద్యం నాలుగు పాదాలతో అవతలికి చేరేదాకా

మా కాలేజీలో ఈ సెమిస్టర్ రెండు క్రెడిట్ల సెమినార్ ఒకటి పెట్టారు. పేరు పెద్దదే: ఓపెన్ సోర్స్ వికేంద్రీకృత సోషల్ నెట్‌వర్క్ నిర్మాణం. శనివారం మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా, కాకినాడ ఉక్కలో, రెండు ఫ్యాన్లు మాత్రమే తిరిగే ల్యాబ్‌లో. మొదటి వారం పదకొండు మందిమి. ఇప్పుడు ఐదుగురం. మిగతావాళ్లు ప్లేస్‌మెంట్ టెస్టుల్లో పడ్డారు, తప్పు పట్టలేం.

నేను చేరింది మా పెదనాన్న వల్ల. పిఠాపురంలో ఉంటారు, తెలుగు పండిట్‌గా రిటైరయ్యారు. రోజుకో ఆటవెలది రాసి ఏదో యాప్‌లో పెట్టేవారు. ఒకరోజు ఆ యాప్ మూతపడింది. ఆ పద్యాల్లో సగం కూడా నోటుపుస్తకంలో లేవు. "సర్వర్ మనదే అయితే ఎవరు మూస్తారు పెదనాన్నా?" అన్నాను. "నువ్వే మూస్తావు, ఉద్యోగం రాగానే" అన్నారు. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.

మొదటి రెండు వారాలు కోడ్ లేదు, చదువే. మేడమ్ డయాస్పొరా కథతో మొదలుపెట్టారు. 2010లో న్యూయార్క్ యూనివర్సిటీ విద్యార్థులు నలుగురు, లా ప్రొఫెసర్ ఎబెన్ మోగ్లెన్ ఉపన్యాసం విని, ఫేస్‌బుక్‌కి బదులు ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకునే నెట్‌వర్క్ కడతామన్నారు. కిక్‌స్టార్టర్‌లో 10 వేల డాలర్లు అడిగితే 2 లక్షలకు పైగా వచ్చాయి. సెప్టెంబరులో కోడ్ బయటపెట్టగానే భద్రతా లోపాలు వరసగా బయటపడ్డాయి. లాగిన్ అయినవాడు ఎవడో చూస్తోంది గానీ, వాడికి ఆ పని చేసే హక్కు ఉందా అని సర్వర్ అడగట్లేదు. 2012లో ప్రాజెక్టును కమ్యూనిటీకి అప్పగించారు. మాకు ఎవరూ డాలర్లు ఇవ్వలేదు గనక ఆ టెన్షన్ లేదు. ఆ లోపం మాత్రం బోర్డు మీద రాసిపెట్టుకున్నాం: సంతకం చేసింది ఎవరో, ఆ పని ఎవరి పేరుతో వచ్చిందో ఆ ఇద్దరూ ఒకరే కావాలి, లేకపోతే పారెయ్యాలి.

డయాస్పొరాది సొంత ప్రోటోకాల్, అంటే సర్వర్లు మాట్లాడుకునే భాష. మేం తీసుకున్నది యాక్టివిటీపబ్, 2018 జనవరిలో వెబ్ ప్రమాణాలు చూసే సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా ఆమోదించింది. మాస్టడాన్ అని ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకునే సోషల్ నెట్‌వర్క్ ఉంది, దాని సర్వర్లు మాట్లాడుకునేది అందులోనే. మాస్టడాన్‌నే పెట్టుకోవచ్చు కదా అంటే, దానికి పోస్ట్‌గ్రెస్, రెడిస్ డేటాబేస్‌లు, వెనక పనులకి సైడ్‌కిక్ అన్నీ కావాలి, మా ఒక జీబీ ర్యామ్‌లో ఊపిరాడదు. అయినా సెమినార్ ఉద్దేశం కట్టి చూడటం. భాష పైథాన్, వెబ్ భాగానికి ఫ్లాస్క్, డేటాబేస్‌కి ఎస్‌క్యూలైట్, ముందు కాపలాకి క్యాడీ అనే వెబ్ సర్వర్. క్యాడీ పెడితే హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ అదే తెచ్చుకుంటుంది, అదే రెన్యూ చేసుకుంటుంది. ల్యాబ్‌లో మూలనున్న డెస్క్‌టాప్ వాడదామనుకున్నాం గానీ కాలేజీ ఫైర్‌వాల్ బయటి నుంచి హెచ్‌టీటీపీఎస్ వచ్చే 443 పోర్టును రానివ్వదు. అందుకని చిన్న వీపీఎస్, అంటే ఇంటర్నెట్‌లో ఉండే వర్చువల్ సర్వర్, అద్దెకు తీసుకున్నాం. నెలకు మనిషికి వంద రూపాయలు. డొమైన్ డబ్బు మేడమ్ పెట్టారు.

మూడో వారం: వెబ్‌ఫింగర్. ఎవరైనా మన పేరు వెతికితే వాళ్ల సర్వర్ వచ్చి "ఈ మనిషి ఇక్కడ ఉన్నాడా, అడ్రస్ ఏంటి?" అని అడిగే చోటు ఇది. ఒక పూటలో అయిపోయింది. పెదనాన్న యూజర్‌నేమ్ తెలుగులో పెడదామని నేను పట్టుబట్టాను, కుదరలేదు. మాస్టడాన్ యూజర్‌నేమ్‌లో ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, ఒకటి రెండు గుర్తులు తప్ప వేరేవి ఒప్పుకోదు. బయటికి కనిపించే పేరు తెలుగులో పెట్టాం.

నాలుగో వారం నుంచి అసలు తలనొప్పి. డల్లాస్‌లో ఉండే అక్కకి, అంటే పెదనాన్న కూతురికి, ముందు నుంచే మాస్టడాన్ ఖాతా ఉంది. మా టెస్టింగ్ టీమ్ మొత్తం తనే. ఇక్కడ మధ్యాహ్నం మూడయితే అక్కడ తెల్లవారుజాము, అయినా పాపం ఫోన్ పట్టుకుని కూర్చుంది. వాళ్ల నాన్న ఖాతాని, అంటే పెదనాన్న ఖాతాని, ఫాలో నొక్కింది. రిక్వెస్ట్ మాకు వచ్చింది. మేం "సరే" అని జవాబు పంపాలి, దాని మీద మా ప్రైవేట్ కీతో, అంటే మా దగ్గర మాత్రమే ఉండే రహస్య తాళంతో, డిజిటల్ సంతకం ఉండాలి. పంపాం. 401, అంటే నువ్వెవరో నమ్మను అని అవతలి సర్వర్ జవాబు. అక్క ఫోన్‌లో ఫాలో అలాగే పెండింగ్‌లో వేలాడుతోంది.

రెండు శనివారాలు సంతకం కోడ్ తిరగేశాం. కీ సరైనదే, హెడర్ల (కవరు మీది వివరాల్లాంటివి) వరస సరైనదే. తప్పు ఎక్కడుందంటే, వీపీఎస్ తీసుకున్న రోజే మాలో ఒకడు శ్రద్ధగా దాని టైమ్‌జోన్‌ను భారత సమయానికి మార్చాడు. డేట్ హెడర్ రాసే వరసలో మేం అప్పటి సమయం తీసుకుని చివర జీఎంటీ అని, అంటే మనకన్నా ఐదున్నర గంటలు వెనకుండే గ్రీనిచ్ సమయమని, అతికించాం. అంటే మా జవాబులన్నీ ఐదున్నర గంటల తర్వాతి కాలం నుంచి వెళ్తున్నాయి! అవతలి సర్వర్ భవిష్యత్తు నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఎందుకు నమ్ముతుంది? సమయం ఎప్పుడూ యూటీసీలోనే (జీఎంటీతో సమానమైన ప్రపంచ ప్రామాణిక సమయం) తీసుకోండి, సర్వర్‌ని కూడా యూటీసీలోనే ఉంచండి. స్క్రీన్ మీద చూపించేటప్పుడు మార్చుకుంటే చాలు.

ఫాలో పడింది. ఇంగ్లిష్‌లో హలో అని పంపితే అక్కకి చేరింది. ల్యాబ్‌లో అరుపులు విని పక్క గదిలోంచి అటెండర్ వచ్చాడు. తర్వాత తెలుగులో "నమస్కారం" పంపాం. రాలేదు. మళ్లీ హలో. వచ్చింది. "ఏరా, మీ సర్వర్‌కి తెలుగు రాదా?" అంది అక్క.

ఇది నాకు బాగా నచ్చిన బగ్, అందుకే వివరంగా రాస్తున్నా. పోస్టు పంపేటప్పుడు అందులోని బైట్లకు షా-256 అనే పద్ధతిలో ఒక ముద్ర లెక్కగట్టి హెడర్‌లో పెడతాం. అవతలివాళ్లు చేరిన బైట్లకు అదే లెక్క వేసి సరిచూసుకుంటారు. పైథాన్ జేసన్, అంటే పోస్టు ప్రయాణించే డేటా రూపం, తయారుచేసేటప్పుడు మామూలుగా తెలుగు అక్షరాన్ని అలా ఉంచదు, ఒక్కోదానికి బదులు ఒక కోడ్ రాస్తుంది. లాగ్ చదవడానికి వీలుగా ఉండాలని మేం ఆ అలవాటు మాన్పించాం, కానీ ముద్ర లెక్కగట్టే చోట మాత్రమే. పంపేటప్పుడు, వెబ్‌కి పంపే పని చేసే రిక్వెస్ట్స్ లైబ్రరీకి ఆ జేసన్ కాకుండా ముడి డేటాని (పైథాన్ డిక్షనరీని) ఇచ్చేశాం. అది తన పాత పద్ధతిలో మళ్లీ జేసన్ చేసుకుని పంపింది. ఇంగ్లిష్ అయితే రెండూ ఒకేలా ఉంటాయి. తెలుగు వచ్చేసరికి ముద్ర ఒకదానికి, ఉత్తరం ఇంకోటి. ఇంగ్లిష్‌లో మాత్రమే టెస్ట్ చేసేవాళ్లకి ఇది జన్మలో దొరకదు. మందు చిన్నదే: జేసన్ ఒక్కసారే చేసి బైట్లుగా మార్చండి, ముద్ర వాటికే వెయ్యండి, వాటినే పంపండి.

ఇంకో మాట. ఇన్నాళ్లూ మేం లాగ్‌లో 401 అన్న అంకె మాత్రమే రాసుకుంటున్నాం. మాస్టడాన్ ఆ జవాబు లోపల "నాకు వచ్చిన ముద్ర ఇది, నువ్వు చెప్పింది ఇది" అని శుభ్రంగా రాసి పంపుతోంది. చదివితే కదా!

హ్యాష్‌ట్యాగులది ఇదే కులం. పైథాన్‌లో ఉన్న మామూలు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (రాతలో నమూనాలు వెతికేది) గుణింతపు గుర్తులను పదంలో భాగం అనుకోదు. తెలుగు అన్న ట్యాగు "త" దగ్గరే తెగిపోయింది. విడిగా దొరికే రెజెక్స్ లైబ్రరీ వేసి, అక్షరాలతో పాటు గుర్తులనూ కలుపుకోమని చెప్పాం. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల మధ్యలో కనపడకుండా కూర్చుని అక్షరాలు కలవకుండా ఆపే జడ్‌డబ్ల్యూఎన్‌జే గుర్తుని కూడా అనుమతించాలి, లేకపోతే అక్కడా తెగుతుంది.

ఏడో వారం పెదనాన్నకి ఖాతా అప్పగించాం. అరగంటలో ఫోన్. "ఒరేయ్, పద్యం, తాత్పర్యం కలిపి రాస్తే అక్షరాలు ఎక్కువయ్యాయంటోంది. నేను లెక్కపెట్టాను, సగం కూడా లేవు." మా పరిమితి 500. పెదనాన్నకి "స్త్రీ" ఒక అక్షరం. మా పైథాన్‌కి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. బైట్లలో అయితే పద్దెనిమిది. మనిషి కంటికి కనిపించే అక్షరాల్లో లెక్కపెట్టే పద్ధతి యూనికోడ్‌లో, అంటే అన్ని లిపులకూ కోడ్‌లిచ్చే ప్రమాణంలో, ఉంది, కానీ పాత లైబ్రరీ మూడు అంది, కొత్తది ఒకటి అంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం చేరింది, తేడా అక్కడ. కొత్త లైబ్రరీ పెట్టాం. "మొత్తానికి ఛందస్సు దగ్గరికి వచ్చారన్నమాట" అన్నారు. గురువు, లఘువు గుర్తించే ఆప్షన్ కూడా పెట్టమన్నారు. సెమినార్‌లో ఇద్దరు ఉత్సాహపడ్డారు, నేను వినపడనట్టు ఊరుకున్నా.

డిలీట్ గురించి క్లుప్తంగా. మేం పోస్టు తీసేస్తే, దాన్ని అందుకున్న సర్వర్లన్నిటికీ "తీసెయ్యండి" అని కబురు వెళ్తుంది. తీసెయ్యడం వాళ్ల మర్యాద. టెస్టుల కోసం పక్కన నడుపుతున్న గోటుసోషల్ (మాస్టడాన్ లాంటి ఇంకో సాఫ్ట్‌వేర్) సర్వర్ ఆ పూట ఆపేసి ఉంది, మాకు మళ్లీ ప్రయత్నించే క్యూ లేదు. ఆ పోస్టు అక్కడ ఇప్పటికీ భద్రంగా ఉంది. క్యూ రాయడం ఈ వారం నా పని. అన్నట్టు గోటుసోషల్ దగ్గర ప్రొఫైల్ చదవడానికి వెళ్లినా సంతకం అడుగుతుంది, పోస్టులకే కాదు, చదివే అభ్యర్థనలకూ సంతకం పెట్టండి.

పోయిన శనివారం పెదనాన్న మొదటి పద్యం వెళ్లింది. అక్క స్క్రీన్‌షాట్ పంపింది. నాలుగు పాదాలూ ఒకే వరసలో, పక్కపక్కన. యాక్టివిటీపబ్‌లో పోస్టు మామూలుగా హెచ్‌టీఎంఎల్‌గా వెళ్తుంది, అందులో ఎంటర్ నొక్కితే వచ్చే కొత్త వరసకి విలువ లేదు, బీఆర్ ట్యాగు పెట్టాలి. "పద్యాన్ని వచనం చేసి అమెరికా పంపావేంట్రా" అన్నారు పెదనాన్న. సరిచేసి, అప్‌డేట్ పంపాను. ఈసారి క్యూ అవసరం పడలేదు. నిమిషంలో అక్క నుంచి రెండో స్క్రీన్‌షాట్: నాలుగు పాదాలు, నాలుగు వరసల్లో. కింద తన కామెంట్, "నాన్నా, మూడో పాదంలో యతి తప్పింది."

పెదనాన్న ఇంకా ఒప్పుకోలేదు. సర్వర్ తప్పంటున్నారు.