కొట్టంలో తుంగ సిలువ

ఐర్లాండ్ పల్లెల్లో ఫిబ్రవరి 1 పునీత బ్రిజిడ్ పండుగ. 2023 నుంచి ఆ పండుగ పేరు మీద దేశమంతటా సెలవు కూడా ఇస్తున్నారు. ముందురోజు సాయంత్రం తుంగ పీకి తెచ్చి (కత్తి పెట్టి కోయకూడదట) సిలువలు అల్లేవారు. ఒకటి ఇంట్లో, ఇంకొకటి పశువుల కొట్టంలో. నన్ను ఆకట్టుకున్నది ఆ రెండోదే. తమకోసం దండం పెట్టుకున్న చేత్తోనే ఆవుకోసమూ పెట్టారు.

ఆ రాత్రి బయట పొద మీదో, కిటికీ గట్టు మీదో ఒక గుడ్డ వదిలేవారు. బ్రిజిడ్ అటుగా వెళ్తూ దాన్ని తాకుతుందని నమ్మకం. తెల్లారాక ఆ గుడ్డను దాచి, తలనొప్పి వస్తే నుదుటికి చుట్టుకునేవారు, ఆవు ఈనడానికి కష్టపడుతుంటే దాని వీపున కప్పేవారు. చలికాలమంతా పాలు తగ్గిపోయి, ఆవులు ఈనే రోజులు దగ్గర పడే వేళ అది. దూడ అడ్డం తిరిగితే ఆ ఏడాది ఇంట్లో వెన్న ఉండదు. అంత టెన్షన్‌లో మొక్కిన మొక్కు అది, అలంకారం కోసం చేసింది కాదు.

ఏడో శతాబ్దంలో కోగిటోసస్ అనే సన్యాసి బ్రిజిడ్ చరిత్ర రాశాడు. తల్లి వెన్న తీయమని పంపితే ఆ పిల్ల ఉన్నదంతా పేదలకు పంచేసింది. లెక్క అప్పజెప్పాల్సిన వేళ భయపడి ప్రార్థిస్తే వెన్న మళ్లీ నిండిందట. ముందు ఇచ్చేసింది, ప్రార్థన తర్వాత వచ్చింది.

ఆమెను మొక్కిన పల్లెలే మే 1 వచ్చేసరికి వణికిపోయేవి. ఆ తెల్లవారుజామున ఎవరో తమ పొలంలో మంచు బిందువులు పోగుచేసి, ఏడాది పొడుగునా తమ వెన్నను మంత్రంతో లాగేసుకుంటారని అనుమానం. మన దిష్టి భయం లాంటిదే. ఆ రోజు పొరుగింటికి నిప్పు ఇవ్వరు, పాలు పోయరు. వెన్న పంచిన పునీతురాలి సిలువ కింద కూర్చుని వెన్నకు కాపలా కాయడమేమిటో! కానీ ఒకటే ఆవు ఉన్న ఇంటివాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు.

అడిగినవాళ్లను ఉత్తచేతులతో పంపలేక, పాలలో చిటికెడు ఉప్పు వేసి ఇచ్చినవాళ్లూ ఉన్నారు. ఉప్పు పడితే ఇంటి కలిమి పాలతోపాటు గడప దాటదని నమ్మకం. బ్రిజిడ్ అయితే ఆ ఉప్పు కూడా వేసేది కాదనుకోండి.